బావి ఉన్న ఇల్లు

తుమ్మలపాడు, హుజూర్‌నగర్ తాలూకా
18 జనవరి 1948, ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు పుష్పమ్మకు, అన్న రామచంద్రయ్య దీవించి రాయునది.

ఈ కాయితం మన ఊరి టపాలో వేయలేదు. అక్కడ కవర్లు విప్పి చదువుతున్నారని విన్నాను. గొర్రెల బీరన్న మందను తోలుకుంటూ సరిహద్దు దాటి జగ్గయ్యపేట సంతకు పోతాడు కదా, అక్కడి డబ్బాలో వేయమని అతని చేతికిచ్చాను. గొంగడి మడతలో పెట్టుకున్నాడు. కాయితం గొర్రె వాసన కొడితే నన్ను తిట్టకు.

మేము క్షేమమే, ఈ పూటకు. పోయిన బుధవారం రజాకార్లు పక్క ఊరికి వచ్చి ఆరు ఇళ్ళు తగలబెట్టారు. నేను సంఘానికి వడ్లు ఇచ్చానని ఎవరో వాళ్ళ చెవిన వేశారట. ఇచ్చిన మాట నిజమే, దాచేదేముంది. ఇక మన వంతేనని ఊరంతా అంటున్నారు.

అందుకని ఇంకొక ఇల్లు చూసుకోవాలనుకుంటున్నాను. ఊరు విడిచిపెట్టి పోవడం కాదు, సుమా. పంట ఉంది, పశువులున్నాయి, ఇల్లు మన తాత కట్టింది. ఇది ఇట్లాగే ఉంటుంది. ఈ గండం గడిచేదాకా ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకొక చోటు కావాలి, అంతే. ఎక్కడ అన్నదే తెగడం లేదు. మోత్కూరులో మీ వదిన గోవిందమ్మ పుట్టిల్లు ఉంది, అక్కడ పగలు పోలీసు క్యాంపు, రాత్రి సంఘం. హైదరాబాద్ పొమ్మంటాడు ఒకడు. పులికి భయపడి పులి గుహలో దూరినట్టుంటుంది. నందికొండ అడవిలో గుడిసె వేసుకోమని కాటమయ్య సలహా. ఆయనకు చెప్పాను, రజాకార్లయితే గడప దగ్గర అరుస్తారు, పాము అరవదు కదా అని. చివరికి అందరూ పోతున్న జగ్గయ్యపేటే మేలనిపిస్తున్నది. యూనియన్ గడ్డ. సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా దాటితే చాలు.

నువ్వొకసారి బెజవాడ నుంచి బస్సులో పోయి ఇళ్ళు చూడగలవా? జానయ్య బావ మేనత్త అక్కడే ఉంది కదా. కిరాయి సంగతి తరువాత, ముందు భద్రం చూడు. కప్పు గడ్డిది వద్దు, పెంకు ఉండాలి. బాట పక్కన వద్దు. వెనక ఒక తలుపుండాలి. అన్నిటికంటే ముఖ్యం, బావి ఆవరణలోనే ఉండాలి. పోయిన నెల మన ఊరబావి దగ్గర ఏం జరిగిందో కాయితంలో రాయను. అప్పటినుంచి గోవిందమ్మ కడవ ఎత్తితే నా గుండె ఆగుతున్నది.

మేము ఐదుగురం. నేను, గోవిందమ్మ, పిల్లలిద్దరూ, బిక్షమ్మ. మాదిగవాడలో చెల్లెలి కొడుకు మైసయ్య తప్ప ఆమెకు ఎవరున్నారు, సగం బతుకు మన పశువుల కొట్టంలోనే గడిచిపోయింది. నిన్న అడిగాను, వస్తావా అని. ‘మీరు యాడ ఉంటే నేను గాడనే, పటేలా’ అన్నది.

ఐదో నెల అని విన్నాను. బస్సులో ముందు సీటు అడిగి కూర్చో.

నీ అన్న,
రామచంద్రయ్య


జగ్గయ్యపేట
10 ఫిబ్రవరి 1948

అన్నకు చెల్లెలు పుష్పమ్మ నమస్కారాలు.

ఇల్లు దొరికింది. ముందు ఆ మాట చెప్పకపోతే నువ్వు చివరి పేజీకి దూకుతావని నాకు తెలుసు.

మూడు రోజులు ఊరంతా తిరిగాను. మీ బావ మేనత్త ఇల్లు సత్రమైపోయింది. మన నల్లగొండ జిల్లా వాళ్ళు ఏ అరుగు మీద చూసినా మూటలతో కూర్చుని ఉన్నారు. మొదటి ఇల్లు పెద్ద రోడ్డు మీద. లారీ పోయినప్పుడల్లా గోడలోంచి సున్నం రాలింది. రెండోది చెరువు కింద, తాటాకు కప్పు, వెనక తలుపు అడిగితే గోడకు ఉన్న కన్నం చూపించారు. నువ్వు పట్టేవాడివి కావు అందులో.

మూడోది చూశాక నా కాళ్ళ నొప్పులు పోయాయి. పుల్లయ్యగారని మిర్చి వ్యాపారం చేసి మానేసిన పెద్దమనిషి, ఆయన ఇంటి వెనక భాగం. మూడు గదులు, పెంకు కప్పు. నిలువెత్తు ప్రహరీ, దాని మీద సీసా పెంకులు. వెనక తలుపు తీస్తే సందు, సందు చివర పోలీసు ఠాణా. ఇంకేం కావాలి? పైగా ఆవరణ నడుమ గిలక బావి. నీళ్ళు తాగి చూశాను, అన్నా, మన ఊరి ఉప్పునీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు చక్కెర వేశారేమో అనిపిస్తుంది. పప్పు అరగంటలో ఉడుకుతుందట. వదినకు చెప్పు.

పుల్లయ్యగారు కొంచెం పట్టుదల మనిషి. రాత్రి ఎనిమిదికి గేటు మూస్తారట. మేకులు కొట్టకూడదట. బావి ఉన్న ఆవరణ గనుక మన కులాల వాళ్ళు తప్ప ఇంకెవరూ లోపల అడుగుపెట్టకూడదన్నారు. చిన్నపిల్లలు గట్టిగా ఏడవకూడదని కూడా అనబోయారు, నా కడుపు చూసి ఆగిపోయారు. అన్నిటికీ సరేనన్నాను. ఇట్లాంటి ఇల్లు ఇంకొక గంట ఆగితే దొరకదు, బయట ఇద్దరు కాచుకుని ఉన్నారు.

బిక్షమ్మను నా కోసం ఎండిన రేగుపండ్లు ఒక మూట తెమ్మను. నోరు ఊరికే చేదుగా ఉంటున్నది. ఆ చెలక గట్టు చెట్టువే కావాలి, ఆమెకు తెలుసు.

నీ ఇంత మంచి ఇల్లు వెతికిన చెల్లెలు,
పుష్పమ్మ


తుమ్మలపాడు
2 మార్చి 1948

పుష్పకు దీవెనలు.

నీ కాయితం రెండుసార్లు చదివాను. ఇల్లు చూడటంలో నీ తరువాతే ఎవరైనా. ఎల్లుండి తెల్లవారి బయలుదేరుతున్నాం. రెండు బండ్లు. పెళ్ళికి పోతున్నామని చెప్పి నాకా దాటాలి కాబట్టి పిల్లలకు పట్టు పరికిణీలు తొడగమన్నాను. వాళ్ళు నిజంగా పెళ్ళే అనుకుని నిద్రపోవడం లేదు.

ఇక్కడి ఇంటికి ఏ లోటూ రాకుండా చూశాను. దీపం లేని ఇంట్లో దయ్యం కాపురం పెడుతుందని అమ్మ అనేది గుర్తుందా? రోజూ సందెవేళ గడపలో దీపం పెట్టే ఏర్పాటు చేశాను. దీపం కనిపిస్తే మనుషులున్నారని దొంగలు కూడా జంకుతారు. చూడి ఆవును మాత్రం నడిపించలేం, కొట్టంలోనే ఉంచాను. పలుపు కోసుకుపోతారేమోనని ఇనుప గొలుసు వేయించాను.

బీరన్న తొందరపడుతున్నాడు. రేగుపండ్ల మూట అతనితోనే పంపుతున్నాను.

అన్న


బెజవాడ, రైల్వే క్వార్టర్లు
6 ఏప్రిల్ 1948

అన్నకు నమస్కారాలు.

మీరు క్షేమంగా చేరారని మీ బావ మేనత్త రాసింది. నువ్వు రాయలేదు. కొత్త ఇంట్లో కలం దొరకలేదా?

ఒక మాట అడుగుతాను, కాదనకు. జ్యేష్ఠంలో నాకు పురుడు. అమ్మ లేదు, వదిన పిల్లలను వదిలి రాలేదు. బిక్షమ్మను రెండు నెలలు పంపించు. ఇక్కడ రైల్వే క్వార్టర్లలో ఎవరి కులం ఎవరూ అడగరు. మా ఎడమ పక్క ఇంట్లో ఆరవవాళ్ళు, కుడి పక్క క్రైస్తవులు. నీళ్ళు కుళాయిలో వస్తాయి, కుళాయికి మైల లేదు.

నువ్వు నవ్వినా సరే, నాకు ఆమె చేతులే కావాలి. గత్తర, ఇక్కడివాళ్ళు కలరా అనేది, వచ్చి ఊరంతా చేలల్లో గుడిసెలు వేసుకున్న ఏడు నాకు ఐదేళ్ళు. అమ్మ పోయింది, నాయిన పడిపోయాడు, నువ్వు కూడా పడిపోయావు. నాకు తెలిసిందల్లా ఆమె వాగులో చెలిమె తోడి ముంతలో నీళ్ళు తేవడం, నా తల తన మోకాలి మీద పెట్టుకుని చుక్క చుక్క పోయడం. నాయిన లేచాక ఆ ముంతను బయట పారేయించాడట. నన్ను మాత్రం పారేయలేదు. ఆ నీళ్ళు తాగి బతికినదాన్ని నేను. నా బిడ్డకు మొదటి స్నానం ఆమె పోయాలి.

బస్సు దగ్గరికి మీ బావ వస్తారు. ఏ రోజు పంపేదీ రాయి.

పుష్ప


జగ్గయ్యపేట
22 ఏప్రిల్ 1948

చిరంజీవి పుష్పమ్మకు అన్న దీవెనలు.

ఆలస్యానికి కోపగించకు. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, వచ్చిన దగ్గరనుంచి పనులే. ఇల్లు నువ్వు చెప్పినట్టే ఉంది. గోవిందమ్మ రోజుకు పదిసార్లు గిలక తిప్పుతున్నది, అవసరం ఉండి కాదు, ఆ చప్పుడు వినడానికని నా అనుమానం. పిల్లలకు ఇక్కడి మాట పట్టుబడింది. నిన్న పెద్దది నన్ను ‘నాన్నగారూ’ అని పిలిస్తే వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. పుల్లయ్యగారు సాయంత్రం పూట పేపరు చదివి వినిపిస్తారు. మన సంస్థానం సంగతి ఆయనకు మనకంటే ఎక్కువ తెలుసు.

బిక్షమ్మ సంగతి రాశావు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. బస్సులో అంత దూరం కూర్చోలేదు. వేరే ఎవరినైనా చూసుకో. బావకు నా నమస్కారాలు.

అన్న రామచంద్రయ్య


బెజవాడ
12 జూలై 1948

అన్నకు,

ఆడపిల్ల. నెల దాటింది. నల్లగా, జుట్టు బాగా ఒత్తుగా ఉంది, మన నాయిన ముక్కు. నువ్వు రాసిన దీవెన కార్డు అందింది. నాలుగు లైన్లు.

బిక్షమ్మ రాలేదు. మోకాళ్ళ నొప్పులున్నా, ఒక మాట చెప్పి పంపవచ్చు కదా. బిడ్డ ఏమిటి, ఎట్లా ఉంది అని అడగవచ్చు కదా. రోజుకొక మంత్రసాని వచ్చి నీళ్ళు పోసింది, నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. పట్నం నీళ్ళు వంటబట్టి, నేను ఎవరికీ అక్కర్లేకుండా పోయానా?

కింద రాసేది ఆమెకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా తగ్గించకు.

‘బిక్షమ్మా, తియ్యటి బావి పక్కన నీడలో కూర్చుని నన్ను మరిచిపోయినవు. నా బిడ్డను చూడాలని నీకు లేదు. నేనే పిచ్చిదాన్ని, నీ కోసం గదిలో మూల ఊడ్చి చాప వేసి ఉంచిన. ఆ చాప ఇంకా గట్లనే ఉంది.’

ఇది చదివాక, మీ బావ స్నేహితునితో పంపే ఊలు శాలువా ఆమెకు ఇవ్వు. తిట్టినా చలికాలం వస్తుంది కదా.

పుష్ప


జగ్గయ్యపేట
30 జూలై 1948

పుష్పకు,

శాలువా అందింది. నువ్వు రాసింది చదివి వినిపించాను. నవ్వింది. నీ కోపం ముక్కు మీదే ఉంటుందన్నది.

వానలు బాగున్నాయి. ఆ మాట తప్ప రాయడానికి ఏమీ లేదు.

అన్న


తుమ్మలపాడు
9 అక్టోబర్ 1948

పుష్పా,

దీవెనలు రాయడానికి చెయ్యి రాలేదు.

సైన్యం వచ్చి మూడు వారాలైంది. నైజాం లొంగిపోయాడు, రజాకార్లు లేరు, అంతా శాంతమని పుల్లయ్యగారు పేపరు చదివి చెప్పారు. నేనొక్కణ్ణే బండి కట్టుకుని ఊరికి వచ్చాను. వచ్చి నాలుగు రోజులైంది.

ముందు అసలు సంగతి చెప్తాను. బిక్షమ్మ జగ్గయ్యపేటకు రాలేదు, ఒక్క రోజు కూడా. మేము పోయిననాడు ఆమెను ఇక్కడే ఉంచి పోయాను. మోకాళ్ళ నొప్పులు అబద్ధం. నీ మాటలు చదివి వినిపించానన్నదీ, ఆమె నవ్విందన్నదీ అబద్ధమే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ప్రతి కాయితంలో ఆమె పేరు కనబడగానే కాయితం మడిచి దాచేవాణ్ణి. శాలువా నా పెట్టెలోనే ఉంది.

గడపలో దీపం పెట్టే ఏర్పాటు చేశానని రాశాను కదా. ఆ ఏర్పాటు ఆమే. బండ్లలో జాగా లేదు, ఎనిమిది దినాల్లో బండి పంపిస్తాను, అప్పటిదాకా దీపం, ఆవు చూసుకో అని చెప్పాను. అప్పటికే నాకు తెలుసు, బండి పంపనని. ఆమె తన మూట కట్టి అరుగు మీద పెట్టుకుని ఉన్నది. ఆ మూట విప్పకుండానే సరే పటేలా అన్నది.

చైత్రంలో వాడ వాళ్ళంతా కలిసి మునగాల దిక్కు పోయారట. మైసయ్య వచ్చి ఆమె చెయ్యి పట్టి గుంజాడట. బండి వస్తుందని ఈమె పోలేదు. రోజూ సందెవేళ దీపం పెట్టి, గడప బయట కూర్చుని బాట వైపు చూసేదట. ఈ మాట నాకు చెప్పింది ఆమె కాదు, ఊరివాళ్ళు.

శ్రావణంలో రజాకార్లు వచ్చారు. ఊళ్ళో సగం ఇళ్ళు చీకటి, మన గడపలో దీపం. రామచంద్రయ్య దొంగతనంగా వచ్చిపోతున్నాడు, లేకపోతే దీపం ఎవరికి అని అడిగారట. ‘పటేలు లేడు, దీపం ఇంటికి’ అన్నదట. కొట్టారు. అయినా మేము ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పలేదు. ఇంటికి నిప్పు పెట్టారు. నిప్పు కొట్టానికి పాకింది, లోపల ఆవు అరిచింది. ఆమె లోపలికి పోయింది.

పలుపు అయితే ఒక్క గుంజుకు వచ్చేది. ఇనుప గొలుసు. నేను వేయించిందే. కాలుతున్న గొలుసును రెండు చేతులతో పట్టి విప్పింది. ఆవు బతికింది, ఆ మధ్య వేసిన దూడ కూడా బతికింది. దూదేకుల ఖాసిం సాబు తన బండిలో ఆమెను హుజూర్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాడట. ఆయనకు దండం పెడదామని పోతే ఇంటికి తాళం ఉంది. సైన్యం వచ్చిన వారంలో కనబడకుండా పోయాడు. ఎక్కడికంటే అందరూ నేల చూపులు చూస్తున్నారు.

బిక్షమ్మ వాడలో తన గుడిసెలో ఉంది. మైసయ్య తిరిగి వచ్చి చూసుకుంటున్నాడు. ఆమె వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అన్నం మైసయ్య పెళ్ళాం పెడుతున్నది. నేను గడప బయట నిలబడ్డాను. ఏడ్వలేదు, ఏడ్చే హక్కు కూడా ఉన్నట్టు అనిపించలేదు. ఆమే అడిగింది, పిల్లలు మంచిగున్నరా అని. తరువాత ఇంకొక మాట అన్నది.

‘జాగా లేదంటే లేదనొచ్చు గద, పటేలా. నేను మైసయ్య ఎంట పోతుంటి.’

అంతే అన్నది. నేను తల దించుకుని వచ్చేశాను. ఇంటి ముందు గోడ నిలిచే ఉంది. దీపపు గూడు నల్లగా ఉంది.

రామచంద్రయ్య


బెజవాడ
18 అక్టోబర్ 1948

రామచంద్రయ్యకు,

అన్నా అని రాయబుద్ధి కాలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. ఇక్కడ కాలినవి నీ చేతులు కావు. నీ చేతులతో నువ్వు ఏడు నెలలు గిలక తిప్పి తియ్యటి నీళ్ళు తోడుకున్నావు, ఆ చేతులతోనే నాకు అబద్ధాలు రాశావు.

నేను ఆమెను తిట్టాను. తియ్యటి బావి పక్కన నీడలో కూర్చున్నావని రాశాను. ఆ రోజుల్లో ఆమె గడప బయట కూర్చుని బాట చూస్తున్నది. ఆ మాటలు నా చేత రాయించింది నువ్వే.

ఐదో నెల కడుపుతో మూడు రోజులు తిరిగి ఇల్లు వెతికాను మీ ఐదుగురి కోసం. ఐదుగురని నువ్వే రాశావు. మూడు గదులు, అంత ఆవరణ. దాంట్లో ఆమెకు చాప వేసేంత ఒక్క మూల దొరకలేదా? నీకు ఆవు బరువైంది, ఇల్లు బరువైంది, వాటికి కాపలా ఆమె. నాయిన ముంత పారేశాడు. నువ్వు మనిషినే పారేశావు.

ఎందుకు చేశావో ఒక్క కారణం రాయి. రాయలేకపోతే ఇక నాకు కాయితాలు రాయవద్దు.

పుష్పమ్మ


జగ్గయ్యపేట
27 అక్టోబర్ 1948

పుష్పా,

కారణం అడిగావు. చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నువ్వు తిట్టిన తిట్లన్నీ నాకు చెందినవే, ఒక్కటి కూడా తిరిగి ఇవ్వను. కానీ ఒక్క మూల దొరకలేదా అన్న మాట దగ్గర ఆగిపోయాను. వారం రోజులుగా ఆగే ఉన్నాను.

ఫిబ్రవరిలో నువ్వు రాసిన కాయితం దీనితోపాటు పెడుతున్నాను. మూడో పేరా తరువాత, మేకులకూ పిల్లల ఏడుపుకూ నడుమ ఉన్న బావి ఆవరణ మాట చదువు.

తప్పు నీ మీద తోయడానికి పంపడం లేదు. నువ్వు ఆ మాట రాసి మరిచిపోయావు. అదే కాయితంలో ఆమెను రేగుపండ్లు అడిగావు. నేను మరిచిపోలేదు. ఆ మాట చదివినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? తేలిక అనిపించింది. దీపానికి ఎవరిని పెట్టాలా అని అప్పటిదాకా తలపట్టుకుని ఉన్నాను, దారి దొరికిందనుకున్నాను. వేరే ఇల్లు చూడమని నీకు ఒక్క ముక్క రాసి ఉండవచ్చు. ఆ చెరువు కింది తాటాకు ఇల్లే చాలని ఉండవచ్చు. సీసా పెంకులు, ఠాణా, బావి, అన్నీ తూచాను. ఆమెను తూకంలోనే వేయలేదు.

మొన్న పుల్లయ్యగారిని అడిగాను, ఆమెను తెచ్చి వెనక వరండాలో ఉంచుతాను, బావి ముట్టదు, ముట్టడానికి చేతులు కూడా లేవు అని. ఆయన పేపరు మడిచి లోపలికి పోయారు. ఇదంతా అయ్యాక కూడా మేము ఈ ఇంట్లోనే ఉన్నాం. ఊళ్ళో ఇప్పుడు సంఘం వాళ్ళ కోసం మిలిటరీ సోదాలు, పిల్లలను తీసుకుపోలేను. పొద్దున్నే లేచి ఆ బావి నీళ్ళే తాగుతున్నాను. నోట్లో పోసుకున్నప్పుడు తియ్యగానే ఉంటున్నాయి, అది కూడా చెప్పాలి నీకు.

రామచంద్రయ్య


తుమ్మలపాడు
6 ఫిబ్రవరి 1949

అన్నా,

మూడు నెలలు నీకు జవాబు రాయలేదు. కోపంతో కాదు. ఆ కాయితంలో నా చేతిరాత నేనే చూసుకున్నాను. ‘అన్నిటికీ సరేనన్నాను.’ ఆ అక్షరాలు ఎంత గుండ్రంగా, ఎంత హుషారుగా ఉన్నాయో. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు నీ రాత వంకర పోయేది, నేనిప్పుడు పాత కాయితాలు చూస్తే తెలుస్తున్నది. నా రాతలో వణుకే లేదు.

నిన్న బిడ్డనెత్తుకుని ఇక్కడికి వచ్చాను. మీ బావ వద్దన్నారు, మిలిటరీ వాళ్ళున్నారు, దారి భద్రం కాదన్నారు. నాకు ఆ మాట వింటేనే వెగటు పుట్టింది. సగం కాలిన మన ఇంట్లో వంటగది బాగానే ఉంది, అక్కడే పడుకున్నాను.

పొద్దున వాడకు పోయాను. నా జన్మలో వాడలోకి పోవడం అదే మొదటిసారి. ముప్పై అడుగులు కూడా లేవు మన చెలక గట్టు నుంచి. ఆమె గుడిసె ముందు ఎండకు కూర్చుని ఉన్నది. నన్ను గుర్తుపట్టి లేవబోయి, చేతులు ఆనించలేక మళ్ళీ కూర్చుండిపోయింది. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. వాడ వాళ్ళు గుమిగూడారు, మైసయ్య వాళ్ళను పంపించాడు.

అంతా చెప్పాను. ఇల్లు వెతికింది నేనేనని, ఆ షరతుకు ఒప్పుకున్నది నేనేనని, ఒప్పుకున్నప్పుడు ఆమె నాకు గుర్తుకే రాలేదని. నా కాయితంలో ఆమెను తిట్టిన తిట్లు కూడా చెప్పాను, నువ్వు చదవని ఆ మాటలన్నీ. బెజవాడకు రమ్మన్నాను. ‘చేతులు లేనిదాన్ని తీస్కపోయి ఏం జేస్తవ్ బిడ్డా’ అన్నది. నువ్వు తిప్పి పంపిన శాలువా కప్పాను. కప్పనిచ్చింది.

తప్పు లేదని అంటుందనుకున్నాను. అన్నా, దాని కోసమే వచ్చానేమో నేను. ఆమె ఆ మాట అనలేదు. బిడ్డను చూస్తూ మెల్లగా అడిగింది.

‘గా బావి నీళ్ళు నిజంగ తియ్యగుంటయా, బిడ్డా?’

‘ఉంటయి’ అన్నాను.

సరే అన్నట్టు తల ఊపి, పాపను ఒళ్ళో పెట్టమని మోకాళ్ళు చాపింది. చిన్నప్పుడు నా తల పెట్టుకున్న మోకాళ్ళే. నా బిడ్డకు మొదటి స్నానం ఆమె చేతులతోనే కావాలని నీకు రాసిన మనిషిని నేను. ఆ నేనే పాపను రెండు చేతులా పట్టుకుని ఒక్క గడియ ఆగాను. తరువాత ఇచ్చాను. ఆమె ఆ గడియను చూసింది.

కాలిన చేతుల్లోంచి బిడ్డ జారుతుందని ఆగానని ఆమె అనుకుని ఉంటుంది. అందుకే ఆగానని నాకు కూడా అనుకోవాలని ఉంది.

నీ చెల్లెలు,
పుష్పమ్మ